ఒత్తు

నాలుగో తరగతిలో బడి వదిలేసినవాణ్ణి.
అక్షరాలు నాకు బొమ్మలుగానే వచ్చు.
ఆటోనగర్‌లో లారీల వెనక
ముందు సుద్దముక్కతో గీసి, తర్వాత రంగు నింపుతా.
పసుపు మీద ఎరుపు, ఎరుపుకి నల్ల నీడ.

గుంటూరులో ఆ హాస్టలు బోర్డూ నేనే రాశా.
సిస్టరమ్మ నా డబ్బులు లెక్కపెడుతుంటే
వెనక వరండాలో పిల్లలు పళ్లేలు కడుగుతున్నారు.
'ఉంచండమ్మా, ఎవరో ఒకరి ఫీజుకి' అన్నా.
ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.
ఆకలి మీదున్నా, బస్సు టైమైపోతోంది.
అదే నెలనెలా తొమ్మిది వందలై కూర్చుంది.

ఫైలు నంబరు రెండొందల పద్దెనిమిది.
కట్టెపోగు రూతు.
మూడు నెలలకో ఉత్తరం:
'పూజ్యులైన దాత గారికి,
తమరి దయవల్ల నేను బాగుగా చదువుకొనుచున్నాను.'
పదకొండు ఉత్తరాలు. పదకొండింట్లోనూ అదే దయ.
మా హసీనా చదివి వినిపించి, మడతపెడుతూ
'ఈ పిల్లకి ఎప్పుడూ జలుబు కూడా చెయ్యదా?' అనేది.

వేసవి సెలవులు, పిల్ల తల్లి దగ్గరుందంటే
చూసొద్దామని బయల్దేరా.
చుట్టుగుంటలో దిగకముందే తుమ్ములు.
యార్డు పక్క రేకుల షెడ్డులో ఎర్రటి గుట్టల మధ్య
ముక్కుకి కొంగు చుట్టుకుని తొడిమలు తీస్తోంది సువార్తమ్మ.
లేచి చేతులు జోడించింది.
కంటిని తాకకుండా ఇన్నేళ్లు బతికిన చేతులు.
ఏడుపొస్తే మోచేత్తో తుడుచుకుంది.
'సారు కాళ్లకి దణ్ణం పెట్టవే' అంది.
నేను కంగారుగా వెనక్కి జరిగి
టిక్కీ మీద వెల్లకిలా పడ్డా.
పిల్ల ఫక్కున నవ్వింది.
ఉత్తరాల్లో ఎక్కడా లేదా నవ్వు.

జామెట్రీ బాక్సు ఇచ్చా. మూత మీద
నీలం ఎనామిల్‌తో తన పేరు.
ఆ తర్వాత మాటల్లేవు.
'బాగా చదువుతున్నావా' అన్నా. అందరూ అడుగుతారు కదా అట్లా.
'తెలుగులో నేనే ఫస్టు' అంది,
రుజువు కోసం చుట్టూ చూసింది,
ఎదురుగా లోడెత్తుతున్న లారీ దొరికింది.

'అదిగో సార్, "నిధానమే ప్రదానం". రెండూ తప్పే.
మొదటిదానికి ఒత్తు అక్కర్లేదు, రెండోదానికి కావాలి.
ఉన్న ఒక్క ఒత్తునీ తీసుకెళ్లి పక్కింట్లో పెట్టాడు.
నిధానం అంటే నిధి. ప్రదానం అంటే ఇచ్చెయ్యడం.
నిధి అంటే ఇచ్చెయ్యడమే అంట!
వెనకొచ్చే బండివాడికి ఏం అర్థమవుద్ది?'

నవ్వుకుంటూ ఇంకా కిందికి చదివింది,
బంపరు దగ్గర చిన్నక్షరాలు:
'గఫూర్ ఆర్ట్స్, ఆటోన...'
ఆగింది.
పదకొండుసార్లు కవరు మీద ఆ అడ్రసు రాసింది తనే.
సువార్తమ్మ చేతిలో తొడిమ కూడా ఆగింది.

నాకు తుమ్మొచ్చింది. ఒకటి కాదు, ఆరు.
పిల్ల నీళ్ల సీసా అందించి
కాసేపాగి, మెల్లగా
'అక్షరాలు మాత్రం గుండ్రంగా ఉన్నాయి సార్' అంది.

తిరుగు బస్సు కాజ టోల్‌గేటు దగ్గర నిలబడిపోయింది.
ముందంతా లారీల వీపులే.
ఇరవై రెండేళ్లు. నాగపూర్, కటక్, ఇండోర్...
నా తప్పు నాకంటే ఎక్కువ ఊళ్లు చూసింది.
మర్నాడు పనికిరాని రేకు ముక్క మీద
ద, ధ, ద, ధ
సాయంత్రం దాకా దిద్దా. షాపు కుర్రాడు
'ఏ బండికన్నా ఇది?' అంటే చెప్పలా.

మొన్న పన్నెండో ఉత్తరం వచ్చింది.
పూజ్యులు లేరు. దయ లేదు.
'సార్, దసరా సెలవుల్లో యార్డుకెళ్లాను.
మీ లారీలు మూడు కనబడ్డాయి.
ఒకటి కరెక్టు.'